లాగితే వచ్చే కప్ప

నేను ఒక తాళం కప్పను. కప్ప అనగానే వానాకాలంలో బెకబెకమనేది అనుకునేరు, అది కాదు. తలుపులకు వేలాడే ఇనప కప్పను. ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను నమ్మదగ్గదాన్ని కాదు. నా కడుపులో ఒక లోపం ఉంది. చాలాకాలం ఆ సంగతి ఊళ్ళో ఇద్దరికే తెలుసు, నాకూ, కోటేశ్వరి అనే పద్నాలుగేళ్ళ పిల్లకూ. ఆ పిల్లకు తెలుసు కదా అని నేను పడ్డ భయం ఇంతా అంతా కాదు.

పేరూ ఊరూ లేని ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను బిగించిన మనిషికి ఆ పూట జ్వరం. లోపల స్ప్రింగు సరిగా కూర్చోలేదని చూశాడు కూడా. నిట్టూర్చి, మంచి కప్పల గుట్టలోకే విసిరేశాడు. అందుకే కాస్త పైకి నొక్కి, మెలితిప్పి లాగితే చాలు, తాళంచెవి లేకుండానే ఊడి వచ్చేస్తాను. పొట్ట మీద మాత్రం సింహం బొమ్మ! సంతలో అమ్మేవాడు "సమ్మెటతో కొట్టినా రాదు, చూసుకోండి" అని నన్ను గాల్లో ఊపుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

నన్ను కొన్నది ఆంజనేయులు. పల్నాడులో మిరప వేసే రైతు, పది మాటలకు ఒక మాట మాట్లాడే మనిషి. రెండేళ్ళు మిరపకాయల కొట్టుకు కాపలా ఉన్నాను. మనుషులకు ఒక అలవాటుంది. తాళం వేస్తారు, రెండుసార్లు గుంజి చూస్తారు, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి గుంజుతారు. అంత అనుమానం ఉన్నవాళ్ళు కూడా ఎప్పుడూ కిందికే గుంజారు, పైకి నొక్కి చూడాలని ఒక్కరికీ తోచలేదు. అలా నా పరువు దక్కింది.

మూడో ఏడు తోటకు నల్లపురుగు పట్టింది. ఆకులు ముడుచుకుపోయాయి. ఆంజనేయులు ఆ మాట్లాడే ఒక్క మాటా మానేశాడు. ఆ రోజుల్లోనే ఆయన కూతురు కోటేశ్వరి అన్నం మానేసింది, జడ వేసుకోవడం మానేసింది, తరవాత బడి మానేసింది. తల్లి మాణిక్యం హడలిపోయింది. గాలి సోకిందని ఒకరు, కళ్ళు పడ్డాయని ఇంకొకరు. నిమ్మకాయలు తిప్పారు, ఎర్రనీళ్ళు పారబోశారు. బడినించి పంతులమ్మ వచ్చి అడిగితే జ్వరమని చెప్పి పంపేశారు. పిల్ల ఒకసారి ఎటో నడుచుకుంటూ పోయి కాలవ గట్టు మీద దొరికింది. ఆ మర్నాడు నన్ను కొట్టు తలుపునించి తీసి వెనకగది తలుపుకు వేశారు. లోపల కోటేశ్వరి.

మిరపకాయలకు కాపలా వేరు, పిల్లకు కాపలా వేరు. నాకు మొదటిరోజే ఒళ్ళు చల్లబడింది. తల్లీ తండ్రీ పొలానికి వెళ్ళగానే తలుపు పక్క కిటికీ ఊచల్లోంచి ఒక సన్నటి చెయ్యి బయటికొచ్చింది. నన్ను తడిమింది, తిప్పింది, ఆడుకుంది. మూడో రోజు మధ్యాహ్నం పైకి నొక్కి, మెలితిప్పి లాగింది. టక్కుమని ఊడిపోయాను.

పారిపోతుందనుకున్నాను. పోలేదు. తలుపు తీసి గడప మీద కూర్చుంది, నన్ను ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఖాళీ వీధిని చూస్తూ. ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా లోపలికి పోయి, తలుపు మూసుకుని, ఊచల్లోంచి చెయ్యి పెట్టి నన్ను మళ్ళీ బిగించేది. తనకు తనే తాళం వేసుకునే పిల్లను నేనెక్కడా చూడలేదు. వెళ్ళడానికి దారి ఉండీ వెళ్ళడానికి ఒక మనిషి లేకపోతే ఎలా ఉంటుందో ఆ చెయ్యి నన్ను బిగించినప్పుడల్లా తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, ఇనుముకు కన్నీళ్ళు లేవు కాబట్టి కొంచెం తుప్పు పట్టాను.

అప్పుడు వచ్చింది దీనమ్మ. ఆ ఊరి ఆశా కార్యకర్త, చంకలో రిజిస్టరు, నోట ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం. టీకాల లెక్క రాసుకోవడానికి వచ్చి, నన్ను చూసి, కిటికీలోంచి లోపలికి తొంగిచూసి ఆగిపోయింది. కిటికీ కింద కూలబడి తన సంచిలోంచి గోంగూర తీసి వలుచుకుంటూ, తన మొగుడి గురకనించి బర్రె ఈనడం దాకా తనలో తను చెప్పుకుంటూ పోయింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. నాలుగోరోజు లోపలినించి మాట వచ్చింది.

"అత్తా, నాకు బతకబుద్ధి కావట్లా."

గోంగూర గిల్లే చెయ్యి ఆగింది. ఛీ అట్టాంటి మాటలనకూడదు అంటుందేమోనని భయపడ్డాను. అనలేదు. "ఎన్నాళ్ళనించమ్మా?" అని అడిగి, ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి, పిల్ల చెప్పిందంతా విన్నది.

ఆ సాయంత్రం పొలంనించి వచ్చిన మొగుడూ పెళ్ళాలకు వాకిట్లోనే ఎదురైంది. "వదినా, పిల్లనేమో గదిలో పెట్టి కప్ప వేస్తిరి. పురుగుమందు డబ్బాలేమో వసారాలో బార్లా పెడితిరి. తాళం దేనికెయ్యాలమ్మా?"

మాణిక్యం కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

వారం తిరక్కుండా ఆడవాళ్ళ సంఘం తీర్మానం చేసింది. వీధి వీధంతా మందు డబ్బాలు సంఘం గది వసారాలో ఉన్న ఇనప పెట్టెలో పెట్టాలి. పిచికారీ రోజున ఇద్దరు వచ్చి అడిగితేనే తీసివ్వాలి. కోటేశ్వరిని మనసు డాక్టరు దగ్గరికి పెద్దాసుపత్రికి దీనమ్మే తీసుకెళ్ళింది. ఇంట్లో ఒంటరిగా ఉండకుండా సంఘంవాళ్ళు వంతులు వేసుకున్నారు, పంతులమ్మ సాయంత్రాలు వచ్చి పాఠం చెప్పేది. ఆంజనేయులు తన డబ్బాలు తనే మోసుకొచ్చాడు. చివరి డబ్బా పెట్టెలో దించకుండా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎవరూ చూడలేదు, నేను చూశాను.

ఎందుకంటే అప్పటికి నేనూ అక్కడే ఉన్నాను. "పిల్లకేసిన ఈ కప్పే దీనికేద్దాం, దీని పాపమూ పోద్ది" అని దీనమ్మ నవ్వుతూ నన్ను ఆ పెట్టెకు వేసింది. అయ్యో తల్లీ, నేను వద్దు, నేను పనికిరాను అని అరవాలనిపించింది. అరవడానికి నోరేదీ? వీధిలో ఉన్న విషమంతా నా వెనక ఉంది. నన్ను తెరవడం తెలిసిన పిల్ల పది గజాల దూరంలో ఉంది.

దీనమ్మ ఇంటింటికీ తిరిగి గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: "ఇంట్లో మందనేది ఉండగూడదు." ఆ ఊళ్ళో చేలో కొట్టేదీ మందే, డాక్టరిచ్చేదీ మందే. మాణిక్యం ఆ మాట అక్షరాలా పాటించింది. ఆసుపత్రిలో కూతురికిచ్చిన బిళ్ళలను కూడా పసుపు గుడ్డలో మూటగట్టి, మిగతా డబ్బాలతో పాటు పెట్టెలోకి పంపేసింది. తరవాత పొరపాటు తెలిసినా, నలుగురిలో అడిగితే పిల్లకు పిచ్చి బిళ్ళలని పొక్కుతుందని నోరు మెదపలేదు. కూతురు అడిగితే, "పెట్టెలో పడినయ్యి, రేపు తెస్తాలేమ్మా" అనేది. ఆ రేపు తొమ్మిది రోజులైనా రాలేదు.

పదోరోజు మధ్యాహ్నం. మిరప కోతలు మొదలయ్యాయి, ఊరంతా చేలల్లో ఉంది. వంతు కూర్చున్న ముసలామె గోడకానుకుని కునుకు తీసింది. కోటేశ్వరి సంఘం గది వసారాలోకి వచ్చింది. జడ ఊడిపోయి ఉంది, కళ్ళ కింద నలుపు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

చెయ్యి వేసింది. తెలిసిన చెయ్యే. నేను బిగుసుకుపోవాలని ప్రయత్నించాను. ఒక్కసారి, ఈ ఒక్కసారి నా స్ప్రింగు పట్టుకుంటే చాలు, మళ్ళీ జన్మలో తెరుచుకోకపోయినా ఫరవాలేదు అనుకున్నాను. పైకి నొక్కింది, మెలితిప్పింది, లాగింది. ఛీ నా బతుకు, ఊడి వచ్చేశాను.

పెట్టె మూత మీద రెండో చెయ్యి పెట్టింది. అలా ఎంతసేపు ఉందో తెలియదు. ఎక్కడో కోడి కూసింది. నన్ను పిడికిట్లో ఎంత గట్టిగా బిగించిందంటే ఆ చేతి చెమట నా తాళపు రంధ్రంలోకి దిగింది. తరవాత మూత వదిలేసి లేచి పరుగెత్తింది.

చేలో కోతల మధ్య ఉన్న దీనమ్మ ముందు ఆగి, నన్ను ఆమె చేతిలో పెట్టింది. రొప్పుతూ చెప్పింది: "అత్తా, ఈ కప్ప లాగితే వచ్చుద్ది. మార్చండి. నా మందు కూడా ఆ పెట్టెలోనే ఉంది. మూత తీస్తే ఏ మందు తీస్తానో నాకే తెలవట్లా."

దీనమ్మ ఇద్దరు ఆడవాళ్ళను పెట్టె దగ్గరికి పరుగెత్తించింది. పిల్లను గట్టిగా పట్టుకుని అక్కడే సాళ్ళ మధ్య కూలబడింది. "చెప్పావు చూడు, నా తల్లే, చెప్పావు చూడు," అన్నదే మళ్ళీ మళ్ళీ అంటూ ఉండిపోయింది. మాణిక్యం కోసిన కాయల గంప జారవిడిచి వచ్చి, అందరి ముందూ, "బిళ్ళలు పెట్టెలో పెట్టింది నేనేనమ్మా, నేనే," అని తల బాదుకుంది. నవ్వుతారని ఆమె భయపడిన వాళ్ళెవరూ నవ్వలేదు. ఒకామె తన కొంగుతో మాణిక్యం మొహం తుడిచింది. మరొకామె, తన చెల్లెలు కూడా అవే బిళ్ళలు వాడిందని, ఇన్నాళ్ళూ తనూ దాచానని చెప్పింది.

పెట్టెకు మంచి కప్ప వచ్చింది. బిళ్ళలు పొద్దునా సాయంత్రం దీనమ్మే తెచ్చి, దగ్గరుండి మింగించేది. నన్ను పాత ఇనుము వాడికి వేస్తారనుకున్నాను. దీనమ్మ వెయ్యనివ్వలేదు. కోటేశ్వరి గది కిటికీ గట్టు మీద పెట్టింది. ఆ తలుపుకు ఇప్పుడు గొళ్ళెం కూడా లేదు. "నోటితో చెప్పలేని రోజు ఉంటదమ్మా. ఆ రోజు ఏం మాట్లాడొద్దు. ఈ కప్ప తెచ్చి నా చేతిలో పెట్టు, చాలు," అని చెప్పింది.

ఆ ఏడాదిలో దీనమ్మ దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. కోటేశ్వరి చెయ్యి నా మీద పడినప్పుడల్లా గుండె ఆగినంత పనవుతుంది. చెయ్యి పడని రోజులు ఇంకో రకం భయం: బాగుండి పడలేదా, నన్ను తేవడానికి కూడా ఓపిక లేక పడలేదా అని. నాకు తెలుసుకునే దారి లేదు. ఆమె బడికి వెళ్ళే చప్పుడు విన్నాక కాస్త ఊపిరి పీల్చుకుంటాను.

నిన్న పొద్దున ఆమె బడికి వెళ్ళింది. తల్లి పొలానికి వెళ్ళింది. కాసేపటికి కిటికీ గట్టు మీదికి ఒక చెయ్యి వచ్చింది. సన్నటి చెయ్యి కాదు. కాయలు కాచిన పెద్ద చెయ్యి, చివరి డబ్బా పట్టుకుని నిలబడిన చెయ్యి. నన్ను తీసుకుని వీధి దాటి, దీనమ్మ ఇంటి వాకిట్లో ఆగింది.

ఆంజనేయులు నన్ను ముందుకు చాపాడు. దీనమ్మ నన్ను చూసింది, ఆయన్ను చూసింది. చేతిలో చీపురు పక్కన పెట్టి, గోడకు నిలబెట్టిన మంచం వాల్చింది.

"కూర్చో అన్నా," అంది.

ఆయన కూర్చున్నాడు.