సీసా అడుగున

రసాయన శాస్త్రం టీచరు బల్ల మీద రెండు గ్లాసులు పెట్టింది. ఒకదాన్లో చక్కెర నీళ్లు, ఇంకోదాన్లో సుద్దపొడి కలిపిన నీళ్లు.

"చక్కెర నీళ్లు పైన తాగినా, అడుగున తాగినా తీపి ఒకటే. ఇది సజాతీయ మిశ్రమం. సుద్ద నీళ్లు అలా కాదు. కాసేపు కదపకుండా ఉంచితే పైనొకటి, కిందొకటి. ఇది విజాతీయం..."

సుద్ద అప్పటికే అడుగుకు దిగుతోంది. ఆమె మాట ఆగిపోయింది.

కూతురికి వాడుతున్న ఫిట్స్ మందూ అలాంటిదే. ఈమధ్య పరీక్షల పని మీదపడి, మందు పోసే పని అత్తగారికి అప్పగించింది. సీసా కుదిపి పోయాలని చెప్పనే లేదు. పైపై పలచటి నీళ్లు ఇన్నాళ్లూ పోయి ఉంటాయి. ఇక మిగిలింది అడుగు. మందంతా అక్కడే!

ఫోన్ చేసింది. ఎత్తలేదు. క్లాసును పక్క టీచరుకు అప్పగించి బస్సెక్కింది. సిగ్నల్ పడ్డప్పుడల్లా లేచి నిలబడుతోంది.

"కూర్చోమ్మా, నువ్వు నిలబడితే బస్సు పరిగెత్తుతుందా?" అన్నాడు కండక్టరు.

తలుపు తీసిన అత్తగారి చేతిలో చెంచా ఉంది.

"మందు పోశారా అత్తయ్యా?"

"పొద్దున పోశాగా. ఇప్పుడు మళ్లీ పోద్దామంటే అడుగున గడ్డకట్టింది, గోకుతున్నా. ఏంటమ్మా ఆ రొప్పు?"

పాప గోడ పట్టుకుని తూలుతూ వస్తోంది. కనుగుడ్లు అదురుతున్నాయి.

"మోతాదు ఎక్కువైంది. రెండో చెంచా పడలేదు, నయం," అన్నాడు డాక్టరు, పాపను ఆసుపత్రిలో చేర్చుకుంటూ.

అత్తగారు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. "నా చేత్తో నేనే పోశాను. ఒక్క మాట చెప్పొచ్చుగా నువ్వు!"

తనకు తెలిసింది అందరికీ తెలుసనుకుంది కోడలు. "చెప్పాల్సింది, అత్తయ్యా," అంది తల దించుకుని.

మర్నాడు కాక ఆ మర్నాడు పాప మంచం దిగి తిన్నగా నడిచింది. "నానమ్మా, నా చెప్పులేవి?" అంది.

అత్తగారు ఏడ్చి, ముక్కు చీది, "ఇక ఆ సీసా జోలికి రాను తల్లీ, దండం," అంది.

"నేను బడికెళితే ఎవరు పోస్తారు? మీరే పోయాలి," అంటూ కోడలు కొత్త సీసా ఆవిడ చేతిలో పెట్టింది.

ఇంటికెళ్లే దారిపొడవునా ఆవిడ దాన్ని కుదుపుతూనే ఉంది.