దొడ్డి గడియ

పొద్దున్నే టీ తాగేలోపల సుబ్బులుకు మూడు పనులు. వేడినీళ్లలో తువ్వాలు ముంచి, పిండి, కుడి భుజానికి కాపడం పెట్టుకోవాల. ముందుకు వంగి, చెంబు పట్టుకొని చేతిని ఊయల మాదిరి ఊపాల. ఆ తర్వాత మేకల దొడ్డి గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో గోడెక్కాల, పదిసార్లు. వేళ్లు ఎంతదాకా పోతే అంతకాడ బలపంతో గీత గీయాల.

ఇవన్నీ మార్కాపురం ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసే హన్నా నేర్పింది. భుజం నొప్పి పట్టిందని అప్పటికే రెండు నెలలు సుబ్బులు చేతిని మెడకు కట్టుకొని కూచుంది. "కదలకుండా ఉంచితే తగ్గుతాదని ఎవరు చెప్పినారక్కా? బిగుసుకుపోయింది గదా," అని హన్నా కోప్పడింది. "రోజూ చెయ్యి. గుంజినట్టు ఉండాల గానీ ప్రాణం పోయేంత నొప్పి రాగూడదు. నెలలు పడతాది, మానొద్దు."

చెప్పిందెవరా? ఇంకెవరు, మొగుడు కాటమరాజే. కట్టుకొమ్మన్నదీ ఆయనే, ఇప్పుడు పనికిరాకుండా పోయిందని సణిగేదీ ఆయనే. సుబ్బులుకు ఒళ్లు మండేది అందుకే.

రాచర్ల పక్క ఊరు వాళ్లది. మేకలు ఇరవై రెండు. సుబ్బులుకు వాళ్ల నాయన ఇచ్చిన ఒక్క ఆడమేక పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. ఎండాకాలం వాటికి మేత కావాలంటే కొక్కెం కట్టిన దోటి పైకెత్తి తుమ్మకొమ్మలు వంచాల. భుజం లేవకపోతే దోటి లేవదు. దోటి లేవకపోతే మంద అమ్మేస్తానని కాటమరాజు తీర్మానం చేసినాడు.

"గోడ గోకితే చెయ్యొస్తాదంట. నీ పదిసార్లు అయ్యేదాకా మేకలు ఆగుతాయా? నీ చేత గాదులే," అనేవాడు రోజూ.

ఆ మాట అన్నప్పుడల్లా గోడ వేలెడు పెరిగేది. దాంతోపాటే తలుపు, తలుపుతోపాటే పైనున్న గడియ.

పక్కింటి అంకాలమ్మ పేడ ఎత్తుకుంటా చూసి, "మీ గోడ మళ్లీ పెరిగిందే సుబ్బులూ. రేకులు వంగిపోతాయి, చూసుకోండి," అనింది.

"ఆయప్ప నోరు ఊరుకోదు గదత్తా," అనింది సుబ్బులు.

మొదట్లో రాయెక్కి ఎడంచేత్తో గడియ తీసేది. పళ్లు కొరుక్కుంటా, మొగుణ్ణి లోపల్లోపల తిట్టుకుంటా, రోజుకో గీత పైకి గీసింది. నాలుగో నెలకు కుడిచెయ్యి చెవిదాకా లేచింది. ఆయనకు మాత్రం కనపడలా. కళ్లుంటే గదా కనపడేది.

ఒక బుధవారం సుబ్బులు భుజానికి కాపడం పెట్టుకుంటా ఉంటే దొడ్డి ముందర ట్రాలీ ఆటో ఆగింది. దొనకొండ నుంచి మేకలు కొనే బాలయ్యను పిలిపించినాడు కాటమరాజు. పెళ్లాంతో ఒక్కమాట అనలా.

అక్కడ ఒక పద్ధతి ఉంది. అమ్మేరోజు మంద ఎవరిదో వాళ్లే కుడిచేత్తో దొడ్డి గడియ తీయాల. గోడ దూకించి తోలుకుపోతే దొంగమంద కిందే లెక్క.

"ఇంగ నీ చేత గాదు గానీ, పక్కకు జరుగు," అని కాటమరాజు చెయ్యి చాపినాడు. గోడ పెరిగింది. గడియ అందలా. మంచం ఆనించి దానిమీదకెక్కి, "దీనికి మేపడం చేత గాదు, నాకు అమ్మడం తప్పదు," అన్నాడు. ఇంకో వేలెడు. నడుము దాకా చెమటలు కారుతున్నాయి. బాలయ్య నీడలో కూచొని బీడీ ముట్టించుకున్నాడు. ఎంతసేపైనా ఆయనకేం తొందర లేదు.

సుబ్బులు తువ్వాలు విసిరికొట్టింది.

"దిగు. చెయ్యి కట్టించి పాడు చేసింది నువ్వు. బాగు చేసుకుంది నేను. నా నాయన ఇచ్చిన మంద అమ్మేదానికి నువ్వెవరు?"

కాటమరాజు దిగినాడు. ఆమె రాయి కూడా వెయ్యలా. నేలమీద నిలబడి, కుడిచేతి రెండు వేళ్లు గోడకు ఆనించింది. మొదటి గీత దాటింది. మెడకట్టు విప్పిన్నాటి గీత, ఏడ్చిన్నాటి గీత, నిన్నటి గీత, అన్నీ దాటింది. భుజం గుంజింది, ఆగలా. ఆమె వేళ్లు ఎంత ఎక్కితే గోడ అంత కిందకి దిగింది. చెయ్యి నిటారుగా చాపేసరికి గడియ అరచేతిలో ఉంది.

తలుపు తెరిచింది. మేకలు ఆమె కాళ్లచుట్టూ చేరినాయి.

బాలయ్య బీడీ ఆర్పి లేచినాడు. "గడియ అక్క తీసింది, మంద అక్కది. ఏమక్కా, అమ్ముతావా?"

"అమ్మను."

"అయితే నే పోతా," అని ఖాళీ ఆటో తిప్పించుకొని పోయినాడు. సుబ్బులు దోటి భుజానేసుకొని మందను తోలుకుపోయింది.

ఆ గడియ ఇప్పటికీ ఆ ఎత్తులోనే ఉంది. ఇంకెవరు చెయ్యి పెట్టినా పైకి పోతాది. పొద్దున్నే మేకలు అరుస్తా ఉంటే కాటమరాజు పాలచెంబు పట్టుకొని తలుపుకాడ నిలబడతాడు.

"సుబ్బులూ, కొంచెం గడియ తీస్తావా?"

సుబ్బులు గోడవైపే చూస్తా వేళ్లు ఎక్కిస్తా ఉంటాది.

"ఇంకా నాలుగుసార్లు ఉండాయి. ఆగు."

ఆయన ఆగుతాడు.