గడప దాకా వచ్చిన జవాబు

కంప్యూటర్ వైరస్‌ల గోల ముదిరిన 2003 ఆగస్టు అది. పైడిబాబు నగరంలో కార్ఖానా అనే పేటలోని ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో ఇంజనీరు. విజయనగరం నుంచి వచ్చి నాలుగేళ్లయింది. పనిలో దిట్ట అని పేరు. ఆ పేరే కొంప ముంచింది.

సోమవారం ఉదయం, వాళ్ల కంపెనీ కనెక్షన్ తీసుకున్న సుకన్య ఫోన్ చేసింది. మోండా మార్కెట్ వెనక సందులో ఆమెకో సెంటర్ ఉంది. అమెరికాలోని ఒక హాస్పిటల్ డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని, పద్నాలుగు మంది ఆడపిల్లలు అక్కడ రిపోర్టులు టైపు చేస్తారు.

"అన్ని సైట్లు ఓపెన్ అయితున్నయి. హాస్పిటల్ సర్వర్ ఒక్కటే దొరుకుతలేదు. రిపోర్టులు ఏ రోజువి ఆ రోజు పోకపోతే వాళ్లు ఊకోరు. జెర చూడండి" అంది. బయట నెట్ సెంటర్ నుంచి పంపడానికీ లేదు. ఆమె కనెక్షన్‌ను తప్ప ఆ సర్వర్ ఇంకెవరినీ రానివ్వదు.

పైడిబాబు ఆఫీసు నుంచే ఆమె కనెక్షన్ మీదుగా సర్వర్ దాకా దారి వెతికాడు. పంపిన సందేశం తమ గేటు దాటింది. అక్కడి నుంచి దాన్ని మోసుకెళ్లే పక్క కంపెనీ లైన్లలో నాలుగు మజిలీలు కనిపించాయి. ఆ తరువాత జవాబే లేదు. 'ఇంకేటుంది, ఆళ్ల దగ్గరే పోయింది' అనుకుని, ఆ కంపెనీ ఇంజనీరు రాఘవేందర్‌కు ఫోన్ చేసి గట్టిగానే చెప్పాడు.

"మా దిక్కు అంతా మంచిగనే ఉన్నదన్నా. ఏ చిరునామాలను ఆపిన్రో, మీ ఫిల్టర్లు ఒక్కసారి చూస్కోరాదు?" అన్నాడు రాఘవేందర్.

"సూసుకోకుండానే ఫోన్ చేస్తానేటి?" అని పెట్టేశాడు పైడిబాబు. నిజానికి చూసుకోలేదు.

మూడు రోజులు సుకన్య ఫోన్ చేసినప్పుడల్లా "తప్పు వాళ్లదేనండి" అంటూ వచ్చాడు. గురువారం రాఘవేందరే ఫోన్ చేశాడు.

"అన్నా, సర్వర్ జవాబు మీ గడప దాకా వస్తున్నది. లోపటికి మీరే రానిస్తలేరు."

పైడిబాబు ఫిల్టర్ల జాబితా తెరిచాడు. ఆదివారం వైరస్ పంపుతున్న ఒక చిరునామాను ఆపబోయి, ఒక్క అంకె తప్పు కొట్టి, చుట్టూ ఉన్న చిరునామాలన్నిటినీ ఆపేశాడు. హాస్పిటల్ సర్వర్ వాటిలోనే ఉంది. జాబితాలో ఆ లైను తీసేయడానికి అర నిమిషం పట్టలేదు.

"పక్క కంపెనీ తప్పని చెప్పు. మన పేరెత్తకు" అన్నాడు సంగతి విన్న వాళ్ల కంపెనీ యజమాని జీవరాజు.

పైడిబాబు సుకన్య సెంటర్‌కు వెళ్లేసరికి పిల్లలు హెడ్‌ఫోన్లు తీసి ఊరికే కూర్చుని ఉన్నారు.

"పొద్దుగాల్నే మెయిల్ వచ్చింది. పని వేరేవాళ్లకు ఇచ్చిన్రంట. ఇంతకూ తప్పెవరిది?" అంది సుకన్య.

"నాదేనండి."

ఆమె ఒక తెల్లకాగితం, పెన్ను అతని ముందుకు జరిపింది. "గదే కాయితం మీద రాసియ్యండి. వాళ్లకు పంపిస్త" అంది.

రాసి సంతకం పెట్టాడు. హాస్పిటల్ వాళ్లు విచారం తెలిపారు గాని, పని తిరిగివ్వలేదు. కాగితం సంగతి తెలిసి జీవరాజు శనివారమే పైడిబాబును ఉద్యోగం నుంచి తీసేశాడు.

నెలాఖరుకు సెంటర్ మూతపడింది. సామాను దించేరోజు సాయం చేద్దామని వెళ్లి పైడిబాబు ఒక మానిటర్ అందుకోబోయాడు. సుకన్య అడ్డం వచ్చింది.

"నిజం చెప్పిన్రు, మంచిదే. కానీ మా పిల్లల ముంగట నిలబడకుండ్రి."

అతను మెట్లు దిగి, కూరల బళ్లను తప్పించుకుంటూ బస్‌స్టాపు వైపు నడిచాడు.