సామాన్ల దగ్గర మనిషి

మా ఆయన స్నానాల గదిలో పాట అందుకున్నారంటే అరగంట నాది. ఆ అరగంటలో ఆయన ప్యాంటు నడుము దగ్గర కుట్టు విప్పుతున్నాను. లోపలి మడత కాస్త వదిలి, మళ్లీ కుట్టి, ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు బీరువాలో పెట్టేయాలి. ఏడాదికోసారి ఈ దొంగపని తప్పదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి నోరు జారి "కాస్త లావయ్యారండీ" అన్నందుకు రెండు పూటలు భోజనం మానేశారు. "కట్టుకున్నదానివి, నువ్వే వంక పెడితే ఎలాగమ్మా?" అన్నారు మా అత్తగారు. అప్పట్నుంచీ ఒళ్లు పెరుగుతోంది, వెనకే బట్టా పెరుగుతోంది. "పెళ్లినాటి సైజే నాది" అని ఆయన ఊరంతా చెప్పుకుంటారు.

చలి ఇంకా పూర్తిగా పోనేలేదు, ఈయనకి విండ్ సర్ఫింగ్ పిచ్చి పట్టుకుంది. తెరచాప బిగించిన పలక మీద నిలబడి, గాలిని పట్టుకుని సముద్రం మీద పరుగెత్తడమట. "ప్లానంతా నాదే" అని ఆఫీసులో చెప్పుకున్నారు. గది వెతికిందీ, ఏ వారంలో గాలి బాగుంటుందో కనుక్కున్నదీ, మా ఆఫీసులో సెలవు కోసం బతిమాలిందీ నేను. గిన్నెలు తోముతూ వీడియోలు చూసీ చూసీ నాకూ ఆశ పుట్టింది. చీపురు పట్టుకుని, మోకాళ్లు వంచి, వంటింట్లో వెనక్కి వాలి నిలబడ్డాను. అత్తయ్య చూసి "నడుం పట్టేసిందా?" అన్నారు.

"నేనూ నేర్చుకుంటానండీ" అన్నాను ఆయనతో.

"నువ్వూ దిగితే సామాన్ల దగ్గర ఎవరుంటారు? అమ్మ నా ఫోటోలు తీయాలి."

ఎక్కడికెళ్లినా ఇదే. జలపాతం ఎలా ఉందని ఎవరైనా అడిగితే నాకు తెలీదు, బ్యాగుల జిప్పుల గురించైతే ఎంతసేపైనా చెప్పగలను. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి ఏడుపొచ్చింది. ఒక్కసారి, ఒక్క గంట, నేనూ ఆ నీళ్ల మీద నిలబడాలనుంది.

ఇవాళ ఈ కుట్టు విప్పుతుండగానే ఫోన్ మోగింది. సర్ఫింగ్ నేర్పే అమ్మాయి.

"ఒక్క సీటే మిగిలింది మేడమ్. నీళ్లు బాగా చల్లగా ఉన్నాయి, రబ్బరు సూటు లేకుండా ఎవర్నీ దింపం. సైజు సరిగ్గా చెప్పండి, ఇక్కడికొచ్చాక మార్చడానికి వేరేవి ఉండవు."

స్నానాల గది తలుపు తట్టాను. "ఏమండీ, సూటు ఏ సైజు చెప్పను?"

పాట ఆగింది. "మీడియం. అది కూడా అడగాలా?"

చేతిలో కుట్టు విప్పిన ప్యాంటు నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. అసలు సైజు నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లూ సూదీ దారంతో ఆయన మాట నిలబెట్టినదాన్ని, ఇవాళ కాదంటానా?

"మీడియమేనమ్మా" అన్నాను. ఊరికే ఉండలేక నా ఎత్తూ బరువూ చెప్పి, "నాకైతే సరిపోతుందా?" అని అడిగాను.

"కొలిచి కుట్టినట్టుంటుంది మేడమ్. ఇంతకీ పేరు ఎవరిది రాసుకోను?"

"ఎవరికి పడుతుందో వాళ్లదే రాసుకో" అని నా పేరు చెప్పాను.

ఆయన తల తుడుచుకుంటూ బయటికొచ్చారు. "చెప్పావా?"

"చెప్పానండీ. మీరన్న సైజే."

సంతోషంగా అద్దం ముందుకెళ్లి పొట్ట లోపలికి పీల్చారు. నేను ప్యాంటు కుట్టడం ముగించి, బ్యాగులు కిందికి దించాను. ఈసారి సామాన్లు తక్కువే సర్దాలి. పాపం, ఆయన ఒక్కరే చూసుకోవాలి కదా.