పది దినాల ఫ్లోచార్టు

“గిది గింత పొడుగుందేందే?” అన్నాడు జాషువా, రూప గీసి పంపిన చార్టును ఫోను తెర మీద బొటనవేలితో పైకి తోస్తూ. తోస్తున్నకొద్దీ డబ్బాలు వస్తూనే ఉన్నాయి. డబ్బా కింద గీత, గీత కింద ఇంకో డబ్బా. “ఇల్లు నడిపెటందుకా, రాకెట్టు ఎగరేసెటందుకా?” అని నవ్వాడు కూడా. పక్కన నిలబడి అతని కంచంలో మారు పప్పు వేస్తున్న రూపకు నవ్వు రాలేదు. ఆ పప్పు ఒక్కదానికే ఎన్ని డబ్బాలు పట్టాయో చెబుదామనుకుంది. అప్పటికే అతను మజ్జిగ అడిగాడు.

డబ్బాలు గీయడం రూపకు కొత్తేం కాదు. నల్లగొండలో ఆమె పనిచేసే ప్రైవేటు దవాఖానలో, రోగి గేటు దాటింది మొదలు బిల్లు కట్టి ఇంటికి పోయేదాకా ఏ పని తర్వాత ఏ పనో ఆన్‌లైన్‌లో ఫ్లోచార్టులు గీసేది ఆమే. పనికి చదరపు డబ్బా. ప్రశ్నకు డైమండు ఆకారపు డబ్బా, అందులోంచి ‘అవును’కు ఒక దారి, ‘కాదు’కు ఒక దారి. ఎవరి పని వాళ్ల పేరున్న వరుసలో. ఒక డబ్బాలో ఒకటే పని, గీత మీద గీత పడొద్దు, ఏ దారీ నడిమిట్ల ఆగిపోవద్దు. నిన్న చేరిన ఆయా కూడా ఆమె చార్టు చూసి తడుముకోకుండా పని చేసుకుపోతుంది. వాటి అడుగున మాత్రం మేనేజర్ విజేందర్ సార్ పేరుంటుంది. “గీసింది నువ్వే గని, ఆలోచన నాది గదమ్మా” అంటాడాయన. ఆలోచన ఆయనదట! మందుల గది ఏ అంతస్తులో ఉందో అడగండి, చెబుతాడేమో చూద్దాం.

ఇంటి పని గీయాల్సి వచ్చింది అమ్మ కోసం. అచ్చంపేట దగ్గరి ఊళ్లో సాలమ్మ మంచం పట్టింది. హైదరాబాదులో డాక్టర్లు చూసి, ఇంటికి తీస్కపోయి ఇష్టమైనవి పెట్టుకోండి అన్నారు. ఆ మాటకు అర్థం దవాఖానలో పనిచేసే మనిషికి ఒకరు చెప్పాలా? పక్కింటి గోపమ్మ ఇంత గంజి కాచి తాగిస్తోంది. ఫోనులో సాలమ్మ కూతుర్ని అడిగింది ఒక్కటే.

“పది దినాలు రా బిడ్డా. నాకేం జెయ్యొద్దు. వండొద్దు, బట్టలు పిండొద్దు. నా మంచం పట్టె మీద ఉత్తగ కూసో. నీ పెండ్లయిన కాడికెల్లి నువ్వు ఉత్తగ కూసున్నది నేను సూడనే లే.”

జాషువా పోవద్దనలేదు. అతను ఎప్పుడూ ఏదీ వద్దనడు. చర్చిలో అందరూ రూపతో అనే మాట అదే, ‘నీ భర్త బంగారం’ అని. “పో, నేనేమన్న వద్దన్ననా? ఇంట్ల ఎట్లనో ఆలోచించుకొని పో” అన్నాడు బంగారం. అత్త పుష్పమ్మ మంచంలోంచే, “తల్లి కాడికి పోవద్దంటనా? నా షుగరు సూది సంగతేందో జెప్పి పో” అంది. ఇంట్లో ఎట్లానో, సూది సంగతేమిటో, రెండూ రూపే తేల్చాలి. తేల్చుకుందామనే కూర్చుంది.

‘వంట’ అని ఒక డబ్బా గీసింది మొదట. ఒక డబ్బాలో ఒకటే పని అన్న తన నియమమే తనను పట్టుకుంది. కూరగాయలు తేవడం వంటేనా? అయిపోవచ్చిన సిలిండరు బుక్ చేయడం? అత్తకు ఉప్పు తగ్గించి వేరే గిన్నెలో తీయడం? సూది దగ్గర డైమండు పెట్టింది. షుగరు తక్కువుందా? అవునైతే సూది ఆపి, గ్లూకోజు నీళ్లు ఇచ్చి, రూపకు ఫోను చెయ్యాలి. గీస్తూ పోతే చార్టు తెరలో పట్టలేదు. మొత్తం కనబడేలా కుదిస్తే అక్షరాలు చీమలైపోయాయి. ఇదంతా రోజూ నేనేనా చేస్తున్నది అనుకుంది రూప, ఎవరో పరాయి ఆడమనిషి బతుకు చూసినట్టు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని వరుసలు పంచింది. జాషువాకు ఒకటి. రెండు వీధుల అవతల ఉండే ఆడబిడ్డ మల్లికకు ఒకటి. కూర్చుని చేసేవి అత్తమ్మకు. చివర తన వరుసలో ఒకే ఒక్క డబ్బా, ‘అమ్మ దగ్గర’.

లింకును ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆఫీసు అలవాటు కొద్దీ ఎవరైనా మార్చుకునేలా పెట్టింది. దవాఖానలో అయితే నర్సులు వచ్చి, ఈ పని మాది కూడా అని కలుపుకుంటారు మరి.

మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, కంప్యూటర్లో చార్టు తెరిచింది. ఎవరు చూస్తుంటే వాళ్ల పేరు రాసిన గుర్తు తెర మీద తిరుగుతుంది. మల్లిక, జాషువా ఇద్దరూ ఉన్నారు. అరే, పట్టించుకుంటున్నారే అని రూప ప్రాణం లేచి వచ్చింది. మల్లిక గుర్తు వచ్చి ‘రాత్రి సూది’ డబ్బాను పట్టుకుంది. మెల్లగా ఈడ్చుకొచ్చి రూప వరుసలో పడేసింది. దాని వెంట ‘పొద్దుటి వంట’ వచ్చింది. ‘బట్టలు’ వచ్చాయి. జాషువా తన వరుసలోంచి ఒక్కొక్కటే తెచ్చి సర్దుతున్నాడు, పద్ధతిగా, గీతలు కూడా చెదరకుండా. జాగా చాలకపోతే ‘అమ్మ దగ్గర’ను కిందికి జరిపాడు. ఇంకొంచెం కిందికి. చివరికి పేజీ అంచు దాటించాడు. రూప టిఫిన్ డబ్బాకు మూత పెట్టేసింది.

వెంటనే జాషువా ఫోను. “మల్లికకు పరీక్ష పేపర్లు దిద్దేదున్నదంట. చర్చిల ప్రార్థన కూటాలున్నయి, నాకూ తీరదు. వచ్చే ఆదివారం దాటినంక పోదువు తీ. మీ అమ్మ యాడికి పోతది?”

అప్పుడే బస్సెక్కాల్సింది. ఎక్కలేదు. పిచ్చిది, తప్పు తన గీతల్లో ఉందనుకుంది! ఇంకా తేటగా గీస్తే వాళ్లకు అర్థమవుతుందనుకుంది. పనులన్నీ అయ్యాక కూర్చుని రంగులు వేసింది, సూది బొమ్మ పెట్టింది, కష్టమైన మాటలు తీసి తేలికవి రాసింది. ఆ వారమంతా తల్లి పక్కన కూర్చోవాల్సిన మనిషి చార్టు ముందు కూర్చుంది. శుక్రవారం పొద్దున గోపమ్మ ఫోను చేసింది.

“పాయె బిడ్డా. తలుపు సప్పుడైనప్పుడల్ల నువ్వేనని తల లేపేది.”

రూప ఉన్నపళంగా పోయింది. సమాధి కార్యక్రమానికి జాషువా వచ్చి, మట్టి వేసి, ఇంటి దగ్గర తన తల్లి ఒక్కతే ఉందంటూ సాయంత్రానికే వెళ్లిపోయాడు. మూడో రోజు ప్రార్థన కాగానే రూప నల్లగొండకు తిరిగొచ్చింది. ఇల్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. దండెం మీద బట్టలు ఆరుతున్నాయి. అత్తమ్మ తిని పడుకుంది.

“ఫికర్ జెయ్యకు” అన్నాడు జాషువా, మెచ్చుకుంటుందేమోనని ముఖంలోకి చూస్తూ. “మల్లిక వచ్చి సూదులిచ్చింది. అన్నం నేనే వండిన. నీ చార్టు గూడ తెరవలే, తెలుసా?”

అంటే వీళ్లకు చేతనవును. ముందు నుంచీ అవును. వాళ్లకు ఏ రోజూ అర్థం కాకపోవడమన్నది లేదు. గుమ్మం పట్టుకుని నిలబడిన రూపకు తల్లి పోయిన రోజు కూడా రాని ఏడుపు వచ్చింది. బావురుమంది. జాషువా పాపం నీళ్లు తెచ్చి ఇచ్చాడు, తల్లి గుర్తొచ్చిందేమో అనుకుని.

ముఖం కడుక్కుని వచ్చి చార్టు తెరిచింది. ఎవరి డబ్బాలు వాళ్ల వరుసలకు పంపింది. పేజీ అవతల పడి ఉన్న ‘అమ్మ దగ్గర’ను వెతికి తెచ్చి తన వరుస నడిమధ్య పెట్టింది. ఇక ఎవరైనా చూడవచ్చు గానీ మార్చడానికి లేదన్న మీట నొక్కింది. విప్పని సంచిలోనే ఇంకో రెండు చీరలు పెట్టుకుంది.

“మల్ల యాడికే?” అన్నాడు జాషువా.

“మా ఊరికి. పది దినాలు.”

“మీ అమ్మనే లేదాయె. ఆడికి వొయ్యి ఏం జేస్తవ్?”

“ఏం జెయ్య” అంది రూప, చెప్పులేసుకుంటూ. “అమ్మ మంచం పట్టె మీద ఉత్తగ కూసుంట.”