నువ్వే ఊదెయ్ అక్కా

లవంగం నమిలి వచ్చినవాడు రాత్రి తాగినవాడే, ఇంత చిన్న సంగతి ఈ డ్రైవర్లకు ఎప్పటికి తెలుస్తుందో, బస్సు తాళం కావాలంటే నా బల్ల మీది మిషను గొట్టంలో ఊదాలి, పచ్చలైటు వెలగాలి, పొద్దున్నే వీళ్ల ఊపిరి చూడటమే నా ఉద్యోగం, ఒకడు దగ్గుమందంటాడు, ఒకడు పంటినొప్పికి పుక్కిలించానంటాడు, మా మామయ్య పోయాడు మేడమ్ ఆ బాధలో కొంచెం అంటాడు ఇంకొకడు, ఆ మామయ్య ఎన్నిసార్లు పోతాడో మహానుభావుడు, నిన్న దొరికినవాడైతే నన్నే దబాయించాడు, ఈ డిపోలో తాగనివాడెవడో చూపించండి చూద్దాం అని, వాణ్ణి ఇంటికి పంపేశాను గానీ, మా ఇంట్లోనే ఒకడున్నాడు, అదిగో, తలుపు తోసుకుని వస్తున్నాడు, నా తమ్ముడు.

ఇస్త్రీ చొక్కా, తడి తల, కళ్లు మాత్రం చింతనిప్పులు, ఏం చెప్పాలిరా నీకు, కొత్త గొట్టం తగిలించాను, వాడు తలుపు మూసి గొంతు తగ్గించాడు, అక్కా, ఎవరూ లేరుగా, నువ్వే ఊదెయ్, ఇంకోసారి దొరికితే ఉద్యోగంలోంచి తీసేస్తారు, పిల్లల ముఖం చూడక్కా, పిల్లల ముఖం నేను చూడాలట, అయ్యగారు సీసా ముఖం చూస్తారట, ఒళ్లు మండిపోతోంది, కానీ ఆ అక్కా అనడం ఉంది చూశారూ, సైకిల్ నేర్పిన రోజుల్లోనూ అంతే, వెనక సీటు పట్టుకుని నేను రొప్పుతూ పరిగెత్తుతుంటే వదలకక్కా వదలకక్కా అని ఒకటే గోల, పాపం, పాపమేమిటి నా మొహం, కిటికీలోంచి వాడి బస్సు కనిపిస్తోంది, ఆస్పత్రి నర్సులు అప్పుడే ఎక్కి కూర్చున్నారు, ఒకావిడ అద్దానికి తల ఆనించి కునుకు తీస్తోంది, ఎవరు తోలతారో ఆవిడకేం తెలుసు.

నిన్న ఫోనులో అమ్మ, వాడికి ఒంట్లో నలతగా ఉందే, కాస్త చూసీ చూడనట్టు పో అంది, నలతట, మరదలేమో పిల్లలకు నాన్నకి తలనొప్పమ్మా అల్లరి చెయ్యకండి అని చెబుతుంది, నేను చుట్టాలకు పని ఒత్తిడి అని చెబుతాను, సిగ్గులేకుండా, నవ్వుతూ, అంటే ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదీ వాడి బదులు ఊదుతూనే ఉన్నామన్నమాట, తల్లి ఊదింది, పెళ్లాం ఊదింది, ఇప్పుడు నా వంతు, ఛీ, గొట్టం అప్పుడే నా పెదాల దాకా వచ్చేసింది, ఎప్పుడు ఎత్తానో నాకే తెలియదు, వాడి ముఖంలో అప్పుడే ఊరట, హమ్మయ్య అనేశాడు కూడా, ఆ హమ్మయ్య విన్నాకే గొట్టం వాడి వైపు తిప్పాను, ఊదరా, అక్కా ప్లీజ్, ఏడిస్తే ఏడువు, రేపట్నుంచి నాతో మాట్లాడకపోతే మానెయ్, నువ్వే ఊదు, నేను ఊదితే పచ్చలైటు వెలుగుతుంది, నిజమే, కానీ బస్సు తోలేది నేను కాదు కదా.