చెల్లె యను పిలుపు

ఆషాఢమాసపు నీలమేఘములు వానయై కురియకయు గాలికి విరియకయు నాకసమున నిలిచియుండ, తొలకరికి తడిసిన రేగడి చేలు నల్లని పట్టువలె మెరయుచుండ, వేపాకు పరిమళముతో కలిసిన గుగ్గిలపు ధూమము వీధివీధిని వ్యాపింప, డప్పుల మ్రోతకు ఇండ్లపై పెంకులు సైత మదరుచుండ రేగులపాడు గ్రామమున పోచమ్మతల్లికి బోనము లెత్తు ఆదివారము వచ్చెను.

ఆ గ్రామమున ఎల్లవ్వ యను వృద్ధకు కోడండ్రిద్దరు. పెద్దకోడలు కొమురవ్వ. చిన్నకోడలు అండాలు పెండ్లియై తొమ్మిదేండ్లైనను సంతానము నెరుగనిది. కొమురవ్వకు గడచిన యేడాది నుండి ఎడమచెవిలో తుమ్మెద జుమ్మనినట్లు రొద పుట్టుటయు ఆ వెంటనే భూమ్యాకాశములు కుమ్మరిసారెవలె గిరగిర తిరుగుటయు సంభవించుచుండెను. పట్టణమందలి చెవివైద్యుడు పరీక్షించి దేహమును తూచి నిలుపు లోచెవి నీటికి వికారము కలిగినదనియు ప్రాణభయము లేదనియు పడకుండ మెలగుమనియు చెప్పెను. ఆ మాటచేత ఆమె భయ మించుకయు తగ్గలేదు. ఏలయన ఆమె వెరచినది మరణమునకు గాదు, పతనమునకు. తిరుగుడు లేని దినములందును నేల యున్నదో లేదో యని పాదముతో తడవి చూచుకొని గాని యడుగు వేయకుండెడిది. అత్త తన్ను పనిదొంగ యనునను సిగ్గుచేత ఈ సంగతి నామె తోటికోడలి కొక్కతెకే చెప్పియుండెను.

బోన మెత్తవలసిన వేళ కొమురవ్వ అత్తతో నిట్లనెను.

“అత్తా, ఈయేడు అండాలు ఎత్తుకుంటది. నాకు తల తిప్పుతున్నది.”

“పెద్దకోడలు ఉండంగ చిన్నకోడలు ఎత్తుడా? ఊరోళ్లు నా మొహం మీద నవ్వుతరు. అన్నం ముందట తిరగని తల అమ్మ ముందటనే తిరుగుతదా?” అని ఎల్లవ్వ కసరెను.

అండాలు కొమురవ్వ చెవియొద్దకు వంగి, “భయపడకక్కా. నీ పక్కపొంటి నేనే నడుస్త. జర ఊగినవంటే రెక్క పట్టుకుంట. నీ మీదొట్టు,” అనెను.

“ఒట్లెందుకే. పట్టుకో, సాలు.”

పసుపుకుంకుమల నలంకృతమై వేపమండలు చుట్టబడి శిఖరమున దీపము వెలుగు బోనపు ఘటమును శిరమున ధరించి కొమురవ్వ జనసమూహమధ్యమున నడచెను. గుడియెదుటి మిట్ట నెక్కునపుడు డప్పులు దెబ్బ మార్చెను. చెవిలోని రొద యెగసెను. నేల వాలెను. ఆమె యూగెను.

“అమ్మొచ్చింది! అమ్మొచ్చింది!” అని జనులు కేకలు వేసిరి.

పూనకము వచ్చిన స్త్రీని ముట్టరాదనుట ఆ యూరి కట్టుబాటు గావున ఎల్లరును వెనుకకు తగ్గి వలయమై నిలిచిరి. వాద్యకారులు మరింత వేగముగా వాయించిరి. కొమురవ్వ ఎడమచేత ఘటమును పట్టి కుడిచేతిని ఊతకొరకు గాలిలోనికి చాచెను. జనులు దానిని అభయహస్తమని తలచి దానిక్రింద శిరములు వంచిరి. వంగిన తలలే గాని అందుకొను చేయి యొక్కటియు లేకపోయెను.

“చెల్లె... పట్టుకో.”

ఆ పలుకు అండాలుకు స్పష్టముగా వినబడెను. పూనిన తల్లి ఎవ్వరినైనను బిడ్డా యని పిలుచును. చెల్లె యని పిలుచునది కొమురవ్వయే. అండాలు ఒక్క యడుగు ముందుకు వేసెను. కాని తొమ్మిదేండ్ల యాశ ఆ క్షణమున గొంతులోనికి వచ్చెను. ఒకవేళ నిజముగా తల్లియే యైనచో? చాపబోయిన చేతులు తమంతట జోడింపబడెను.

“నా కడుపు పండుతదా, తల్లీ?”

కొమురవ్వ ఆమె వంక చూచెను. ఆ చూపున కోపము లేదు, ఆశ్చర్యము మాత్రముండెను. పిమ్మట ఘటముతో కూడ రాతిమీద కూలెను.

తుంటియెముక విరిగెను. “ఏం తప్పు జేసినమో, తల్లి కోపగించింది,” అని ఎల్లవ్వ మూడునెలలు వచ్చినవారి కెల్ల చెప్పుచుండ అండాలు ప్రక్కనే యుండి గంజి కాచుచు నిజము చెప్పకుండెను. చెప్పవలెనని ప్రతిదినము తలచెను. తలచిన ప్రతిదినమును చెప్పుట మరింత కష్టమయ్యెను.

ఎముక యతికెను. కార్తికమాసమున నొకనాటి యుదయము కొమురవ్వ వాకిటి మెట్లయొద్దకు వచ్చి నిలిచెను. అండాలు పరుగున వచ్చి చేయి చాచెను.

“అక్కా, పట్టుకో.”

కొమురవ్వ ఆ చేతిని చూచి మెల్లగా నవ్వెను.

“ఉండనియ్ చెల్లె. మొక్కే చేతులాయె. వాటికి నా బరువెందుకు?”

అని పలికి, ముప్పదియెనిమిదేండ్ల యా యిల్లాలు పసిబిడ్డవలె మెట్టుపై కూర్చుండి రెండరచేతులు రాతికానించి ఒక్కొక్క మెట్టే జరుగుచు దిగసాగెను. మెట్లు మూడే. అవి దిగునంతవరకును అండాలు చాచిన చేతిని వెనుకకు తీసికొనలేకపోయెను.

నమస్కారములకు దేవతలు యుగములు వేచియుందురు. పడుచున్న మనుష్యుడు ఒక్క చేతికొరకు ఒక్క క్షణమే వేచియుండును.